రీయూనియన్ టూర్ టికెట్లు: ప్రీసేల్ నుంచి గేటు దాకా

#1 పాతక్యాసెట్

మన బ్యాండు మళ్ళీ కలిసి టూరు ప్రకటించినప్పటి నుంచి ఈ ఫోరంలో ఎక్కడ చూసినా టికెట్ల ప్రశ్నలే. జవాబులన్నీ ఒకచోట ఉంటాయని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. విషయం తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "రాసిపెట్టి ఉంటే వస్తుంది" లాంటి జవాబులు మాత్రం వద్దు.

మామూలు టూరుకీ రీయూనియన్ టూరుకీ తేడా ఒకటుంది. మామూలు టూరైతే "ఈసారి కాకపోతే వచ్చే ఏడాది" అని కొంతమంది ఊరుకుంటారు. ఇక్కడ ఆ మాట అనేవాళ్ళే ఉండరు. బ్యాండు విడిపోకముందు చూసినవాళ్ళు, అప్పటికి పుట్టనివాళ్ళు, ఎన్నడూ వినకపోయినా అమ్ముకుందామని వచ్చేవాళ్ళు, అందరూ ఒకే గంటలో ఒకే పేజీ మీద పడతారు. అందుకే చాలామంది అనుకునేట్టు పోరాటం అమ్మకం రోజు మొదలవదు. దానికి వారం ముందే మొదలవుతుంది.

#2 మూడోవరుస

నిజమే. అమ్మకం రోజు పొద్దున లేచి అకౌంట్ తెరిచేవాళ్ళకి మిగిలేది తక్కువ. అందరికీ తెరిచే జనరల్ సేల్ కంటే ముందు ప్రీసేల్స్ ఉంటాయి. ఎన్ని రకాలో చూడండి:

బ్యాండు సొంత ప్రీసేల్: వెబ్‌సైటులో మెయిలింగ్ లిస్టులో చేరినవాళ్ళకి, లేదా విడిగా రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి. అన్నిటికన్నా విలువైనది ఇదే. గడువు సాధారణంగా టూరు ప్రకటించిన రెండు మూడు రోజుల్లోనే ముగుస్తుంది.
కార్డు ప్రీసేల్: ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్ళకి. చాలాసార్లు కార్డు మొదటి ఆరు అంకెలే కోడ్‌లా పనిచేస్తాయి. డబ్బు కూడా ఆ కార్డుతోనే కట్టాలి.
వేదిక ప్రీసేల్: స్టేడియం లేదా అరీనా మెయిలింగ్ లిస్టుకి.
ప్రమోటర్ (షో నిర్వహించేవాళ్ళు) ప్రీసేల్, మొబైల్ కంపెనీ ప్రీసేల్.

వేదిక ప్రీసేల్‌ని ఎక్కువమంది పట్టించుకోరు. అందులో చేరడానికి డబ్బు పెట్టక్కర్లేదు, ఒక ఈమెయిల్ చిరునామా ఉంటే చాలు. మీరు వెళ్ళగలిగిన ప్రతి వేదిక లిస్టులోనూ ఈరోజే చేరండి.

బ్రిటిష్ రాక్ బ్యాండు ఒయాసిస్ ఉదాహరణ చూడండి. 2024 ఆగస్టు 27న టూరు ప్రకటించారు. 30న ప్రీసేల్, 31న జనరల్ సేల్. ప్రీసేల్ బ్యాలట్‌లో (లాటరీ లాంటిది) చేరడానికి మధ్యలో దొరికింది ఒకటిన్నర రోజే. అందులోనూ బ్యాండు మొదటి డ్రమ్మర్ ఎవరని ఒక ప్రశ్న. వార్త రెండురోజులు ఆలస్యంగా చూసినవాళ్ళకి ఆ తలుపు అప్పటికే మూసుకుపోయింది.

#3 క్యూలోఉన్నా

మూడోవరుస గారూ, రిజిస్ట్రేషన్ చేసుకుంటే టికెట్ ఖాయమేనా? ఈమెయిల్‌లో "మీరు నమోదయ్యారు" అని వచ్చింది.

#4 మూడోవరుస

కాదండీ. ఇందులో మూడు మెట్లున్నాయి. రిజిస్టర్ చేసుకున్నారు, ఒకటి. కోడ్ వచ్చింది, రెండు. కోడ్‌తో లోపలికి వెళ్ళేసరికి టికెట్లు మిగిలున్నాయి, మూడు. మొదటిది రెండోదానికి హామీ కాదు, రెండోది మూడోదానికి కాదు.

టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ అమెరికా ప్రీసేల్‌కి 35 లక్షల మంది నమోదు చేసుకున్నారు. కోడ్ వచ్చింది దాదాపు 15 లక్షల మందికి, మిగతా వాళ్ళని వెయిటింగ్ లిస్టులో పెట్టారు. 2022 నవంబర్ 15న అమ్మకం తెరిస్తే సైటుకి 350 కోట్ల రిక్వెస్టులు వచ్చాయని, టికెట్లు అమ్మిన కంపెనీ టికెట్‌మాస్టరే చెప్పింది. ఆ ఒక్కరోజే 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయి, జనరల్ సేల్ ఏకంగా రద్దయింది. "ప్రీసేల్ రాకపోతే జనరల్ సేల్‌లో చూసుకుందాం" అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కోడ్ మెయిలు స్పామ్‌లోనో ప్రమోషన్స్‌లోనో పడుతుంటుంది. అక్కడ కూడా వెతకండి. కోడ్ ఎవరికి వచ్చిందో వాళ్ళ అకౌంట్‌తోనే పనిచేసే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. కాబట్టి కోడ్‌లు కొనడం దండగ. ఇంకో చిన్న సంగతి: మెయిల్లోంచి కాపీ చేసినప్పుడు చివర ఖాళీ స్పేస్ కూడా వచ్చేస్తుంది, "కోడ్ చెల్లదు" అని చూపిస్తుంది. చేత్తో టైపు చేయండి, లేదా అతికించాక చివరి అక్షరం పక్కన ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి.

#5 రివర్బ్

అకౌంట్ సంగతి నేను రాస్తా. ఇవన్నీ అమ్మకానికి కనీసం రెండు రోజుల ముందే అయిపోవాలి.

పాస్‌వర్డ్ మార్చి, ఆ కొత్త పాస్‌వర్డ్‌తో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఫోన్ నంబర్ వెరిఫై చేయండి. చాలా సైట్లు సరిగ్గా కొనే క్షణంలో ఫోన్‌కి కోడ్ పంపుతాయి. నంబర్ పాతదైతే అక్కడితో కథ ముగిసినట్టే.

కార్డు ముందే సేవ్ చేయండి. బిల్లింగ్ చిరునామా బ్యాంకు దగ్గర ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా ఉండాలి. కార్డు గడువు తేదీ చూసుకోండి. వేరే దేశంలో షో అయితే ఇంకో రెండు పనులు: కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయా, రోజువారీ పరిమితి నాలుగు టికెట్ల ధర ప్లస్ ఫీజులకి సరిపోతుందా. పరిమితి లెక్క వేసేటప్పుడు మీరు అనుకున్న ధరకి రెట్టింపు పెట్టుకోండి. ఎందుకో ధరల దగ్గర ఎవరో ఒకరు రాస్తారు.

రెండో కార్డు కూడా సేవ్ చేసి ఉంచండి. మొదటిది ఆగిపోతే అప్పుడు వెతుక్కునే టైము ఉండదు.

టైమ్ జోన్. అమ్మకం టైము మామూలుగా వేదిక ఉన్న ఊరి టైము ప్రకారం ఇస్తారు. మార్చి, అక్టోబర్ చివర్లలో, నవంబర్ మొదట్లో ఇంకా జాగ్రత్త. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారతాయి. బ్రిటన్‌లో, ఐరోపాలో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో. మధ్యలో ఉన్న ఆ వారాల్లో మామూలు లెక్క ఒక గంట తప్పుతుంది.

#6 కౌంట్‌ఇన్

ఇక క్యూ. దీని మీద అపోహలే ఎక్కువ కాబట్టి కాస్త సాగదీస్తాను.

పెద్ద సైట్లలో రెండు దశలుంటాయి. అమ్మకానికి ముందు తెరిచేది వెయిటింగ్ రూమ్. అమ్మకం మొదలైన క్షణంలో ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ యాదృచ్ఛికంగా నంబర్లు పడతాయి. అంటే రెండు గంటల ముందొచ్చి కూర్చున్నా, పది నిమిషాల ముందొచ్చినా అవకాశం ఒకటే. కానీ అమ్మకం మొదలయ్యాక ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినా, అప్పటికే గదిలో ఉన్న అందరి వెనకా నిలబడాల్సిందే. అందుకే పావుగంట ముందు లాగిన్ అయి, గదిలో కూర్చోండి. అంతకన్నా ముందొస్తే వచ్చే లాభం లేదు. పైగా లాగిన్ గడువు తీరిపోయి బయటపడే ప్రమాదం ఉంది.

మీ చోటు బ్రౌజర్‌లోని కుకీలో (సైటు గుర్తుగా ఉంచే చిన్న ఫైలు) ఉంటుంది. కాబట్టి ఇన్‌కాగ్నిటో కిటికీ వాడకండి, పొరపాటున మూస్తే చోటు పోతుంది. యాడ్ బ్లాకర్ ఆ సైటుకి ఆపేయండి. విపిఎన్ (మీరున్న చోటు దాచే సేవ) తీసేయండి, బాట్ (మనిషి బదులు కొనే ప్రోగ్రాము) అని అనుమానించి వెనక్కి నెట్టడానికి అదో కారణం. లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళకుండా సెట్టింగ్ మార్చండి, చార్జర్ తగిలించండి. ఫోన్‌లో అయితే స్క్రీన్ లాక్ పడకుండా చూసుకోండి, మధ్యలో వేరే యాప్‌లోకి వెళ్ళకండి.

పేజీ దానంతటదే కదులుతుంది. రిఫ్రెష్ కొట్టొద్దని సైటు చెప్తే కొట్టొద్దు. పదిహేను నిమిషాలు బొత్తిగా కదలకపోయినా సరే, చాలాసార్లు అది అమ్మకాన్ని వాళ్ళే కాసేపు ఆపడం వల్ల.

"మీ ముందు 42,000 మంది" అని కనిపించగానే మూసేసి వెళ్ళిపోకండి. లెక్క చూడండి. వేదికలో అమ్మాల్సినవి 50,000 అనుకుందాం, అందులో ప్రీసేల్‌లో 20,000 పోయాయనుకుందాం. మిగిలిన 30,000 టికెట్లు, సగటున ఆర్డరుకి మూడు చొప్పున, 10,000 ఆర్డర్లలో అయిపోతాయి. ఈ లెక్కన 42,000 నంబరు ఆశ లేనిదే. కానీ ముందున్నవాళ్ళలో ధర చూసి వెళ్ళిపోయేవాళ్ళు, ఒకరి కోసం నాలుగు పరికరాల్లో నిలబడ్డవాళ్ళు, పేమెంట్ ఆగిపోయేవాళ్ళు చాలామంది. నా అంచనాలో 10,000 లోపు నంబరుకి మంచి అవకాశం, 25,000 దాకా ఓపిక పట్టొచ్చు, ఆపైన ఇంకో తేదీ క్యూ ఖాళీగా ఉందేమో చూడటం మేలు. ఒక్కో తేదీకి ఒక్కో క్యూ ఉంటే, వారం మధ్యలో ఉన్న షోకి నిలబడండి. శనివారం షోకి అందరూ నిలబడతారు.

#7 చిన్నతంత్రి

ఒకే అకౌంట్‌తో ఫోన్, లాప్‌టాప్, ట్యాబ్ మూడిట్లో తెరిస్తే మూడు నంబర్లు వస్తాయి కదా అన్నా? మూడింటిలో మంచిది వాడుకోవచ్చు.

#8 కౌంట్‌ఇన్

కొన్ని సైట్లలో పనిచేస్తుంది, కొన్నిట్లో అదే కొంప ముంచుతుంది. అకౌంట్‌కి ఒకే చోటు ఇచ్చే సైట్లలో రెండో పరికరం తెరవగానే మొదటిది బయటికి పోతుంది, లేదా రెండూ అనుమానితాల జాబితాలోకి వెళ్తాయి. అకౌంట్ ఒకటి, పరికరం ఒకటి, బ్రౌజర్ ట్యాబు ఒకటి. ఇంట్లో ఇంకొకరికి సొంత అకౌంట్, సొంత రిజిస్ట్రేషన్ ఉంటే వాళ్ళు వేరే పరికరంలో నిలబడటంలో తప్పేమీ లేదు. వాళ్ళని మీ వైఫైలో కాకుండా మొబైల్ డేటాలో ఉంచండి.

#9 రివర్బ్

ఇక్కడ కౌంట్‌ఇన్ గారితో కొంచెం విభేదిస్తా. క్యూలో చోటు అకౌంట్‌కి కాకుండా బ్రౌజర్‌కి ఇచ్చే సైట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ రెండు పరికరాలు వాడటం నేరం కాదు. కానీ ఏ సైటు ఏ పద్ధతో అమ్మకానికి ముందు నిబంధనల పేజీలో చదవకుండా ప్రయత్నించొద్దు. అనుమానం ఉంటే ఒక్కటే వాడండి. ఇంకోటి, టికెట్ల పరిమితి ఆర్డరుకే కాదు, అకౌంట్‌కి, కార్డుకి, చిరునామాకి కూడా లెక్కేస్తారు. పరిమితి నాలుగైతే, ప్రీసేల్‌లో రెండు, జనరల్‌లో నాలుగు కొన్నవాళ్ళ ఆర్డర్లు మొత్తంగా రద్దు కావచ్చు.

#10 లెక్కలమాస్టర్

ధరల గురించి రివర్బ్ గారు వదిలేసిన ఖాళీ నేను పూరిస్తాను.

టికెట్ మీద రాసిన ధర వేరు, మీరు కట్టేది వేరు. టికెట్‌కి ఒక సర్వీస్ ఫీజు, వేదిక ఫీజు, ఆర్డరు మొత్తానికి ఒక ప్రాసెసింగ్ ఫీజు. అమెరికాలో 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం తప్పనిసరి ఫీజులతో కలిపిన మొత్తాన్ని మొదటినుంచీ చూపించాలి. ఆ నిబంధన లేనిచోట చివరి పేజీ చూసేదాకా నమ్మకండి.

ఇక అందరూ "డైనమిక్ ప్రైసింగ్" అని తిట్టేది నిజానికి రెండు మూడు రకాలు. ఒయాసిస్ గొడవలో జరిగిందేంటో చూస్తే ఇది అర్థమవుతుంది. 148.50 పౌండ్లకి అనుకున్న స్టాండింగ్ (నిలబడి చూసే) టికెట్లు, గంటలు క్యూలో నిలబడి లోపలికి వెళ్ళేసరికి 355.20 పౌండ్లకి కనిపించాయి. 2024 సెప్టెంబర్ 5న బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ, కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ, విచారణ మొదలుపెట్టింది. వాళ్ళు తేల్చింది ఆసక్తికరం. ప్రతి నిమిషం ధర మార్చే యంత్రమేదీ వాడినట్టు ఆధారం దొరకలేదు. స్టాండింగ్ టికెట్లని ముందే రెండు ధరల్లో విడగొట్టి, తక్కువ ధరవి ముందు అమ్మి, అవి అయిపోయాక ఎక్కువ ధరవి వదిలారు, క్యూలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి చెప్పలేదు. పైగా "ప్లాటినం" పేరుతో కొన్ని సీట్లని దాదాపు రెండున్నర రెట్లకి అమ్మారు, అదనంగా ఇచ్చిందేమీ లేదు. 2025 సెప్టెంబర్‌లో టికెట్‌మాస్టర్ ఒప్పుకున్నది ఏమిటంటే, ఇలా అంచెల ధరలుంటే 24 గంటల ముందే చెప్పాలి, క్యూలో ఉన్నవాళ్ళకి ధరల సమాచారం ఇవ్వాలి.

దీన్నుంచి మనం పట్టుకోవాల్సింది: "ప్లాటినం", "ఇన్ డిమాండ్" అని రాసి ఉంటే అది మంచి సీటని కాదు, ఎక్కువ ధరని మాత్రమే. ఇక విఐపి ప్యాకేజీ అంటే చాలాసార్లు అదే సీటు, మెడలో వేసుకునే ఒక పాసు, ఒక పోస్టరు. "బ్యాండుని కలవడం" అని స్పష్టంగా రాయకపోతే కలవడం ఉండదు.

అమ్మకానికి ముందురోజు ఒక కాగితం మీద టికెట్‌కి ఫీజులతో సహా మీ గరిష్ఠ ధర రాసిపెట్టుకోండి. కార్ట్‌లో టైమర్ తిరుగుతుంటే ఎవరికీ లెక్క తెలియదు.

#11 క్యూలోఉన్నా

సీటు ఎంచుకోగానే "ఇవి వేరొకరు తీసుకున్నారు" అని వస్తుందని వింటున్నాను. సీట్ల మ్యాపులో ఖాళీగా చూపిస్తూనే అలా ఎందుకొస్తుంది?

#12 కౌంట్‌ఇన్

మ్యాపు కొన్ని సెకన్లు పాతది. మీరు చూస్తున్న చుక్క అప్పటికే ఇంకొకరి కార్ట్‌లో పడి ఉంటుంది. సీటు మీదయ్యేది సర్వర్ దాన్ని మీ పేరున పట్టి ఉంచాకే, చుక్క మీద నొక్కగానే కాదు. రద్దీ ఎక్కువున్న మొదటి అరగంటలో మ్యాపు మీద సీటు వెతకడం శుద్ధ దండగ. "అత్యుత్తమంగా అందుబాటులో ఉన్నవి" అన్న మీట నొక్కండి, సర్వరే ఇస్తుంది. అది ఇచ్చినవి మీ గరిష్ఠ ధర లోపుంటే తీసుకోండి. "ఇంకా మంచివి వస్తాయేమో" అని వదిలేస్తే అవి తిరిగి రావు.

సంఖ్య తగ్గించండి. పక్కపక్కన నాలుగు దొరకనిచోట రెండు రెండుగా దొరుకుతాయి. ఒంటరి సీట్లు చివరిదాకా ఉంటాయి.

#13 మూడోవరుస

సీట్ల సంగతి వచ్చింది కాబట్టి. స్టేడియం ఫ్లోరులో కుర్చీలు వేస్తే నేల చదునుగా ఉంటుంది, ముందువాళ్ళు లేచి నిలబడితే ఇరవయ్యో వరుస నుంచి తెర తప్ప ఇంకేం కనిపించదు. అదే ధరకి పక్క స్టాండు కింది అంతస్తులో, స్టేజీకి దగ్గరగా ఉన్న బ్లాకు మేలు. సౌండు కోసమైతే మిక్సింగ్ డెస్కుకి (సౌండు సరిచేసే బల్ల) సూటిగా వెనక ఉన్న చోటు చూడండి, ఇంజినీరు వినేది దాదాపు అదే. "పరిమిత దృశ్యం" అని తక్కువ ధరకి ఇచ్చే సీట్లు అన్నీ ఒకటి కాదు. స్పీకర్ టవరు అడ్డొచ్చేవి కొన్ని, స్టేజీ వెనక తెర మాత్రం కనిపించనివి కొన్ని. రెండో రకం అయితే కళ్ళు మూసుకుని కొనేయొచ్చు, బ్యాండు దగ్గరగా కనిపిస్తుంది.

#14 చిన్నతంత్రి

పేమెంట్ దగ్గర తిరుగుతూనే ఉండి ఆగిపోతే మళ్ళీ నొక్కాలా?

#15 రివర్బ్

వెంటనే నొక్కకు తమ్ముడూ. ముందు ఇంకో పరికరంలో "నా టికెట్లు" పేజీ, ఈమెయిల్, బ్యాంకు మెసేజీ ఈ మూడూ చూడు. డబ్బు కట్ అయి, ఆర్డరు నమోదయి, పేజీ మాత్రం ఇరుక్కుపోయిన సందర్భాలు చాలా. అప్పుడు మళ్ళీ కొంటే రెండు సెట్లు వస్తాయి, వెనక్కి తీసుకోరు.

ఆర్డరు లేదు కానీ డబ్బు కట్ అయినట్టు కనిపిస్తే, అది చాలావరకు బ్యాంకు పట్టి ఉంచిన మొత్తమే. కొన్ని రోజుల్లో విడుదలవుతుంది. అయితే ఆ మొత్తం మీ రోజువారీ పరిమితిలో కలిసిపోతుంది కాబట్టి రెండో ప్రయత్నం ఫెయిల్ అవుతుంది. రెండో కార్డు అవసరమయ్యేది ఇక్కడే.

ఆగిపోవడానికి మామూలు కారణాలు: బ్యాంకు ఓటిపి కిటికీని బ్రౌజర్ పాప్‌అప్ బ్లాకర్ అడ్డుకోవడం, అలవాటు లేని పెద్ద మొత్తం అని బ్యాంకు ఆపడం, కార్ట్ టైమర్ అయిపోవడం. మొదటిదానికి పాప్‌అప్‌లు అనుమతించండి. రెండోదానికి బ్యాంకు యాప్ తెరిచి పెట్టుకోండి, "ఇది మీరేనా" అని అడిగితే వెంటనే అవునని చెప్పొచ్చు.

#16 పాతక్యాసెట్

అమ్ముడుపోయాయి అని వచ్చాక ఏం చేయాలో కూడా ఎవరైనా రాయండి. ఎక్కువమందికి అవసరమయ్యేది అదే అనుకుంటాను.

#17 మూడోవరుస

నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. "అమ్ముడుపోయాయి" అన్నది ఆ క్షణానికి మాత్రమే నిజం.

మొదటి గంట: కార్ట్‌లలో పెట్టుకుని కట్టనివాళ్ళవి, పేమెంట్ ఆగినవాళ్ళవి టైమరు తీరగానే తిరిగి వస్తాయి. విడతలుగా వస్తాయి. అరగంట, గంట పాటు వదలకుండా చూడండి.

అదే రోజు, మరుసటి రోజు: అదనపు షోలు. ప్రమోటర్ వేదికని ముందే ఒకటి రెండు తేదీలకి పట్టి ఉంచుకుంటాడు, మొదటివి అమ్ముడయ్యాక ప్రకటిస్తాడు. టూరు షెడ్యూలులో ఒక ఊళ్ళో షో తర్వాత రెండు మూడు రోజులు ఖాళీ కనిపిస్తే, ఆ ఖాళీకి కారణం చాలాసార్లు అదే. ఒయాసిస్ కూడా మొదట ప్రకటించినవాటికి తర్వాత తేదీలు కలిపింది. చివరి వెంబ్లీ షోలకైతే, మొదటిసారి దొరకనివాళ్ళకి ఆహ్వానాలు పంపి బ్యాలట్ పెట్టింది. అంటే ప్రీసేల్ రాలేదని అకౌంట్ మూసేయకండి, మెయిలింగ్ లిస్టు నుంచి బయటికి రాకండి.

కొన్ని వారాల తర్వాత: పరిమితి దాటినవాళ్ళ, బాట్‌ల ఆర్డర్లు రద్దు చేసి మళ్ళీ అమ్ముతారు.

షోకి వారం ముందు నుంచి షో రోజు దాకా: ఇది బంగారం. స్టేజీ, కెమెరా వేదికలు, సౌండు టవర్లు ఎక్కడ వస్తాయో తేలేదాకా కొన్ని బ్లాకులు అమ్మకుండా పట్టి ఉంచుతారు. బ్యాండు అతిథులకి, స్పాన్సర్లకి ఉంచినవీ మిగులుతాయి. స్టేజీ కట్టాక వీటిని అసలు ధరకే వదులుతారు. ప్రకటన ఏమీ ఉండదు. పొద్దున పదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూస్తుండండి. షో రోజు మధ్యాహ్నం కూడా. ముందు వరుసలు ఇలా దొరకడం అరుదేం కాదు.

#18 లెక్కలమాస్టర్

మారు అమ్మకం సంగతి. అధికారిక రీసేల్ ఎక్కడో బ్యాండు వెబ్‌సైటే చెబుతుంది. ఒయాసిస్ బ్రిటన్, ఐర్లండ్ షోలకి టికెట్‌మాస్టర్, ట్విక్కెట్స్ అనే రీసేల్ సైటు మాత్రమే, అదీ కొన్న ధర మించకుండా అని చెప్పారు. ఐర్లండ్‌లో 2021 చట్టం ప్రకారం నిర్దేశిత షోల టికెట్లు ముఖవిలువ (టికెట్ మీద రాసిన ధర) కన్నా ఎక్కువకి అమ్మడం నేరం. అమెరికాలో 2016 బాట్స్ చట్టం బాట్‌లతో కొనడాన్ని నిషేధించింది, ఎక్కువకి అమ్మడాన్ని మాత్రం ఆపలేదు.

మిగతా రీసేల్ సైట్లలో మోసం ఇలా ఉంటుంది: అమ్మకం తెరవకముందే టికెట్లు అమ్మకానికి కనిపిస్తాయి. అమ్మేవాడి దగ్గర టికెట్టే లేదు. మీ డబ్బు తీసుకుని తర్వాత తక్కువలో వెతుకుతాడు, దొరక్కపోతే షో ముందురోజు రద్దు చేస్తాడు. గుర్తు: సీటు నంబరు ఉండదు, బ్లాకు పేరో, "పై అంతస్తు" అనో మాత్రమే ఉంటుంది.

ధర ఎప్పుడు తగ్గుతుంది? అమ్మకం అయిన మొదటి వారం అత్యధికం, అప్పుడు ముట్టుకోకండి. పెద్ద స్టేడియంలో, ఒకే ఊళ్ళో నాలుగైదు షోలుంటే చివరి 48 గంటల్లో దిగుతుంది.

#19 రివర్బ్

చివరి ముక్కతో ఒప్పుకోను. పదిహేనేళ్ళ తర్వాత కలిసిన బ్యాండు మొదటి షో, చివరి షో ధరలు దిగడం అరుదు, పెరుగుతాయి కూడా. మధ్యలో వచ్చే షోలకైతే మీ మాట సరే.

సోషల్ మీడియాలో కొనేవాళ్ళకి: టికెట్ స్క్రీన్‌షాట్ చూపిస్తే అది సాక్ష్యం కాదు. చాలా మొబైల్ టికెట్ల బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. "ట్రాన్స్‌ఫర్ చేశాను" అంటూ వచ్చిన ఈమెయిల్‌లోని లింకు నొక్కకండి. చిరునామా మీరే టైపు చేసి లాగిన్ అయి, టికెట్ మీ అకౌంట్‌లో కనిపించాకే నమ్మండి. వెనక్కి తెచ్చుకునే వీలులేని పద్ధతిలో డబ్బు పంపొద్దు. ఎదుటివాడు తొందరపెడుతున్నాడంటే అక్కడే ఆపేయండి.

మీ టికెట్లు దొరికాక సంబరంగా ఫోటో పెట్టేటప్పుడు బార్‌కోడ్, ఆర్డర్ నంబరు కనిపించకుండా చూడండి. అకౌంట్‌కి రెండంచెల భద్రత పెట్టండి. అకౌంట్‌లో చొరబడి టికెట్లు ట్రాన్స్‌ఫర్ చేసుకునే దొంగలు షోకి నెలల ముందే పని కానిస్తారు.

#20 చిన్నతంత్రి

పేరు ముద్రించిన టికెట్లు అంటున్నారు కొన్నిచోట్ల. అవి వేరేవాళ్ళ దగ్గర కొనొచ్చా?

#21 మూడోవరుస

పేరు మార్చే సదుపాయం అధికారికంగా ఉంటేనే. లేకపోతే వద్దు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. రాక్ బ్యాండు లెడ్ జెప్పెలిన్ 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో ఒక్క షో చేసినప్పుడు టికెట్లు లాటరీ పద్ధతిలో, 125 పౌండ్లకి ఇచ్చారు. గెలిచినవాళ్ళు ఫోటో గుర్తింపు కార్డు, డబ్బు కట్టిన కార్డు రెండూ తీసుకుని స్వయంగా రావాల్సి వచ్చింది. అభిమానుల చేతికి టికెట్ చేరేందుకు ఇంతకన్నా నిక్కచ్చి పద్ధతి లేదన్నది నా అభిప్రాయం. ఇబ్బందే, కానీ బ్లాక్ మార్కెట్‌లో కొనేవాడికి ఎక్కువ ఇబ్బంది.

#22 కౌంట్‌ఇన్

వేరే ఊరు వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. టికెట్ చేతికొచ్చాకే ప్రయాణం బుక్ చేయండి. హోటల్ మాత్రం షో ప్రకటించగానే, ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో పట్టి ఉంచండి, ఎందుకంటే గదుల ధరలు ప్రకటించిన గంటల్లోనే లేస్తాయి. షో వాయిదా పడితే పాత టికెట్లే కొత్త తేదీకి చెల్లుతాయి, రీఫండ్ కావాలంటే ఇచ్చిన గడువులోగా అడగాలి. ఆ మెయిలు చూడకపోతే గడువు దాటిపోతుంది. షో రద్దయితే ముఖవిలువ వెనక్కి వస్తుంది, ఫీజుల్లో కొన్ని రాకపోవచ్చు. విమానం, గది ఖర్చు ఎవరూ ఇవ్వరు. విడిపోయి కలిసిన బ్యాండులకి మళ్ళీ విడిపోయే అలవాటు కూడా ఉంటుంది కాబట్టి రీఫండ్ లేని టికెట్లతో ప్రయాణం కట్టుకోవద్దు.

#23 క్యూలోఉన్నా

అందరికీ ధన్యవాదాలు. చివరి సందేహం: నాలుగు టికెట్లు నా ఫోన్‌లోనే ఉంటాయి, మిగతా ముగ్గురూ వేరే దారుల్లో వస్తున్నారు. ఏం చేయాలి?

#24 రివర్బ్

ట్రాన్స్‌ఫర్ తెరిచారేమో చూడండి, కొన్ని టూర్లలో షోకి కొద్ది రోజుల ముందే తెరుస్తారు. తెరవగానే ముగ్గురికీ వాళ్ళ అకౌంట్లకి పంపేయండి, వాళ్ళు అంగీకరించాలి కూడా. అంగీకరించేదాకా అది మధ్యలో వేలాడుతుంది. ట్రాన్స్‌ఫర్ లేని టికెట్లయితే నలుగురూ కలిసే గేటు దగ్గరికి రావాలి.

ఎలా అయినా టికెట్‌ని ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి. వేలమంది ఒకచోట చేరితే గేటు దగ్గర నెట్‌వర్క్ ఉండదు, యాప్ తెరుచుకోదు. ఫోన్ చార్జి నిండుగా ఉండాలి. టికెట్ మీద గేటు అక్షరం ఏదో చూసుకుని ఆ వైపే వెళ్ళండి. పెద్ద స్టేడియంలో తప్పు గేటుకి వెళితే చుట్టూ తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. బ్యాగు పరిమాణం నిబంధన కూడా ముందే చదవండి, చాలా వేదికలు ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు లోపలికి రానివ్వవు.

#25 పాతక్యాసెట్

బ్యాండు ప్రీసేల్ రిజిస్ట్రేషన్ ఇంకా తెరిచే ఉంది. ఇది చదువుతున్నవాళ్ళు ముందు అది పూర్తిచేసి, తర్వాత ఇక్కడ ప్రశ్నలు అడగండి. కొత్త తేదీలు వస్తే ఈ చర్చలోనే పెడతాను.